చుక్కలంత కోత

పోయిన నెల నా పిత్తాశయంలోంచి రాళ్ళు తీశారు. చూడటానికి మా ఆడబిడ్డ ఒక సంచి నిండా యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చింది. మంచం అంచున కూర్చుని, పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఏదీ, చూపియ్యి వదినా" అంది. చీర కాస్త పక్కకు జరిపి చూపించాను. బొడ్డు దగ్గర ఒకటి, పక్కన మూడు, ప్లాస్టర్ ముక్కలు అంటించిన చుక్కలు. ఆమె ముఖంలోని జాలి చప్పున దిగిపోయింది.

"గింతేనా? నేనింక కడుపంత కోసిండ్రేమో అనుకున్న."

"దూర్బీన్‌తోని చేసిండ్రు, చిన్న కెమెరా లోపలికి పెట్టి" అన్నాను.

"గా ముచ్చట ఫోన్ల చెప్పొద్దా మరి!"

ఆ తర్వాత చాయ్ తాగినంతసేపూ వాళ్ళింటి నల్లాకు నీళ్ళు రాకపోవడం గురించే మాట్లాడింది. పోయేటప్పుడు సగం పండ్లు నా దగ్గర పెట్టి, మిగిలిన సగం "మా పక్కింటామెకు గూడ పానం మంచిగ లేదు" అని సంచిలోనే తిరిగి తీసుకెళ్ళింది. ఆమె మెట్లు దిగుతుంటే నాకు నవ్వు వచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. ఆ నొప్పిలో ఆయన గుర్తుకు వచ్చారు.

ఆయన పేరు రాయను. శాలిబండలో మా గల్లీ మొత్తం ఆయన్ని ఉస్తాద్ అనే పిలిచేది. వరక్ కొట్టేవారు. మిఠాయిల మీద, పాన్ల మీద అంటించే పలచటి వెండి రేకును మా వైపు వరక్ అంటారు. చిన్న వెండి ముక్కల్ని తోలు ఆకుల కట్టలో, ఒక్కో ఆకు మధ్య ఒక్కోటి పెట్టి, కట్ట మూసి, రాతి మీద ఉంచి, బరువైన సుత్తెతో గంటల తరబడి కొడతారు. చివరికి ఆ ముక్క ఊదితే ఎగిరిపోయే రేకు అవుతుంది. ఆయన గది తలుపు గల్లీలోకే తెరుచుకునేది. గడప లోపలే రాయి. ఒక మోకాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి, ఆ రాతి మీదికి వంగి కూర్చునేవారు. పొద్దున ఆ చప్పుడు మొదలైతే గల్లీలో పొయ్యిలు వెలిగేవి.

సుత్తె పైకి లేచినప్పుడు మాట్లాడేవారు. దిగినప్పుడు ఆగేవారు. అది ఎంత అలవాటైపోయిందంటే చేతిలో సుత్తె లేనప్పుడు కూడా మాట ముక్కలు ముక్కలుగానే వచ్చేది. "బహెన్, బిడ్డ..." అని ఆగి, "బడికి..." అని ఆగి, "పోయిందా?" అనేవారు. కొత్తవాళ్ళు ఆయనకు నత్తి అనుకునేవాళ్ళు. మేము ఆ సందుల్లో మా మాటలు చెప్పేసేవాళ్ళం.

మా ఆయన పోయాక నాకు పని ఇచ్చింది ఉస్తాదే. తొంభైల మొదట్లో సంగతి. కొట్టిన వరక్‌ను తోలు ఆకుల్లోంచి తీసి, పలచటి కాగితాల మధ్య పరిచి, కట్టలు కట్టాలి. ఆ పని చేసేటప్పుడు పంకా వేయకూడదు. కిటికీ తెరవకూడదు. గట్టిగా నిట్టూర్చకూడదు. ఎండాకాలం చెమట ముక్కు చివరన వేలాడుతున్నా తుడుచుకునే వీలుండదు. సరిగ్గా నేను రేకు ఎత్తే సమయానికే ఆయన, ముఖం మామూలుగా పెట్టుకుని, మెల్లగా మొదలుపెట్టేవారు.

"బహెన్. పాల దుకాణమాయన మేకను కొన్నడు. ఆయన గడ్డం, దాని గడ్డం... జర పక్కపక్కకు పెట్టి చూడు."

నవ్వు ముక్కులోంచి వచ్చినా చాలు, రేకు చిరిగి నా వేళ్ళకు అంటుకుపోయేది.

"పాయె!" అనేవారు తృప్తిగా.

చిరిగిన రేకు నష్టం ఆయనదే. అయినా ఆ ఆట మానలేదు. ఆ గదిలో ఆయనతో కలిసి నవ్వే మనిషి ఇంకొకరు లేరు. భార్య మొదటి కాన్పులోనే, బిడ్డతో సహా పోయిందట. మళ్ళీ చేసుకోలేదు. బీదర్‌లో ఒక మేనల్లుడు ఉన్నాడు. అతని సంగతి వస్తే "మంచోడే" అని సుత్తె దించేవారు. ఆ మాట అక్కడికి అయిపోయేది.

నా కూతురికి పెళ్ళయి, నా జుట్టు తెల్లబడుతున్న రోజుల్లో, ఒక చలికాలం ఆయన రొట్టెను చాయ్‌లో ముంచుకుని తినడం మొదలుపెట్టారు.

"ఏంది భాయ్ సాబ్, పండ్లు ఊడినయా?" అన్నాను.

"నవాబులు గిట్లనే తినేటోళ్ళు. నీకేం ఎరుక?"

కొన్నాళ్ళకు రొట్టె మానేసి జావ తాగారు. ఇంకొన్నాళ్ళకు జావ కూడా చిన్న చిన్న గుటకలయింది. మింగిన తర్వాత ఛాతీ మధ్యలో పిడికిలితో మెల్లగా తట్టుకునేవారు. ముద్ద గొంతు దాటి, ఛాతీలో ఆగిపోతోందట. తల కొంచెం పైకెత్తి, లోపల ఎవరో తలుపు తీస్తారేమో అన్నట్టు ఎదురు చూసేవారు. ఒక్కోసారి తీసేవాళ్ళు. ఒక్కోసారి ఆయన లేచి మోరీ దగ్గరకు పరిగెత్తేవారు. కుర్తా భుజాల మీద నుంచి జారుతోందని గమనించాక, నేనే ఆయన్ని పెద్దాసుపత్రికి బయల్దేరదీశాను.

నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. మొఘల్‌పురాలో పిల్లల బడి వదిలాక, సాయంత్రం అదే గదిలో ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళు. ఉస్తాద్‌కు చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్న ఉర్దూ వచ్చు. ఆసుపత్రి బోర్డుల మీద రెండూ ఉండేవి. ప్రతి బోర్డు దగ్గరా ఇద్దరం ఆగేవాళ్ళం. ఆయన కుడి నుంచి మొదలుపెట్టేవారు, నేను ఎడమ నుంచి.

"ఎక్స్... రే... గది" అని పూర్తి చేశాను.

"నేను ఎప్పుడో చదివిన" అన్నారాయన.

"నోట్లోనే చదివితే ఎవరికి తెలుస్తది భాయ్ సాబ్? పైకి చదవాలె."

వెనక స్ట్రెచర్ తోసుకొస్తున్న ఆయా, "జరుగుండ్రి, గీడ పరీక్ష రాస్తుండ్రా ఇద్దరు!" అని కసిరింది. ఉస్తాద్ స్ట్రెచర్‌కు దారి ఇస్తూ సలాం చేశారు.

గొట్టం వేసి చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. అన్నం దిగే గొట్టంలో, సగానికి కాస్త కింద, క్యాన్సర్ అన్నారు. ముందు కొన్నాళ్ళు మందులు ఎక్కించి, కరెంటు పెట్టారు. ఆ తర్వాత ఆపరేషన్ గురించి మాట్లాడటానికి పిలిచారు. మాకు చెప్పిన డాక్టరు గోదావరి జిల్లాల నుంచి వచ్చినాయన, వయసు చిన్నది. తెల్లకోటు జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు ఉండేవి, ఒక్కటీ రాసేది కాదు.

"చూడండి పెద్దాయనా, దీన్ని రెండు రకాలుగా చెయ్యొచ్చండి. మొదటిది ఎప్పట్నుంచో చేస్తున్నది. కుడివైపు పక్కటెముకల మధ్య ఇక్కణ్ణించి ఇక్కడిదాకా తెరుస్తాం." తన వీపు మీద రెక్క ఎముక కింద మొదలుపెట్టి, చంక కిందుగా రొమ్ము దాకా వేలితో గీసుకుని చూపించారు. "పొట్టా తెరుస్తాం. చెడిపోయిన గొట్టం తీసేసి, జీర్ణకోశాన్నే గొట్టంలాగా చేసి, పైకి లాగి మెడ దగ్గర కుడతాం. రెండోది దూర్బీన్‌తోనండి. చిన్న కన్నాలు పెట్టి, కెమెరాలో చూసుకుంటూ చేస్తాం. లోపల చేసే పని మాత్రం రెండింట్లోనూ ఒకటే."

"అయితే దూర్బీన్‌దే మంచిది గద సార్" అన్నాను నేను.

"అంత తేలిగ్గా చెప్పలేనమ్మా. కోత చిన్నది కాబట్టి నొప్పి తక్కువ. ఊపిరితిత్తులకు నిమ్ము చేరే భయం కొంత తక్కువ. కానీ చాలాసేపు పడుతుంది. మా వార్డులో ఈ గొట్టానికి దూర్బీన్ వాడటం ఈమధ్యే మొదలెట్టాం. మా పెద్ద డాక్టరు గారైతే తెరిచే చేద్దామంటారు, చేత్తో తడిమి చూసుకుంటేగానీ ఆయనకు నమ్మకం కుదరదు. ఇక జబ్బు మళ్ళీ రాకుండా ఉండటానికి ఏది మేలంటారా... ఇదే అని నేను ప్రమాణం చెయ్యలేను."

ఉస్తాద్ అప్పటిదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

"సాబ్. నా చెయ్యి?"

"చేతికేమండీ?"

ఆయన కుర్చీలోనే కుడి చేతిని తల మీదికి ఎత్తి దించారు. మళ్ళీ ఎత్తి దించారు. డాక్టరు కొంచెం వెనక్కి జరిగారు.

"సుత్తె పని సార్. వరక్ కొడ్తరు" అన్నాను.

డాక్టరు లేచి వచ్చి ఆయన కుడి భుజాన్ని, రెక్క కింద కండను పట్టుకుని చూశారు. "అమ్మో" అన్నారు మెల్లగా. తర్వాత సర్దుకుని, "తెరిస్తే ఈ కండ కొయ్యాల్సి ఉంటుందండి. పక్కటెముకల్ని వెడల్పు చెయ్యాలి. చాలామందికి నెలల తరబడి భుజం పట్టేస్తుంది. కొందరికి మళ్ళీ ముందులా లేవదు" అన్నారు.

"అయితే దూర్బీన్" అన్నారు ఉస్తాద్. ఆగారు. "మేం గూడ విప్పి చూడం సాబ్. మధ్యల కట్ట విప్పితే... వరక్ ఖరాబ్. లోపల ఏమైందో సుత్తె చప్పుడే చెప్తది."

డాక్టరు నవ్వారు. "వెండికి రక్తం కారదు కదండీ. మధ్యలో ఇబ్బంది అనిపిస్తే నేను మాత్రం విప్పేస్తాను. దానికి మీరు ఒప్పుకోవాలి."

ఉస్తాద్ చాలాసేపు తన అరచెయ్యి చూసుకున్నారు. ఆ తర్వాత తల ఊపారు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను అడగకుండానే చెప్పారు. "చెయ్యి పోతే బీదర్ పోవాలె బహెన్. మేనల్లుని ఇంట్ల మూలకు కూసోవాలె. వాళ్ళు మంచిగనే చూస్తరు. పూటకింత పెడ్తరు." బస్సు వచ్చింది, నిండుగా ఉంది, వెళ్ళిపోయింది. "నా గదిల నేను పనిచేసుకుంట పోవాలె. గంతే. ఇంకేం అడుగుత లేను."

ఆపరేషన్ రోజు పొద్దున తీసుకెళ్ళిన మనిషిని దీపాలు పెట్టే వేళకు బయటికి తెచ్చారు. డాక్టరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "విప్పలేదమ్మా" అన్నారు, నేను ఏమీ అడగకముందే. మర్నాడు నన్ను లోపలికి పంపించారు. ముక్కులో గొట్టం, పక్కన గొట్టం, మెడకు పట్టీ. కళ్ళు తెరిచి నన్ను చూశారు. దుప్పటి కింద నుంచి కుడి చెయ్యి తీసి, మెల్లగా కొంచెం పైకి ఎత్తి, దించారు.

వార్డులో ఆయన పక్క మంచం ఒక సేఠ్‌ది. ఉస్మాన్‌గంజ్‌లో తాతల నాటి ఎండుమిర్చి వ్యాపారం. ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఒకటే చోట. అయితే సేఠ్‌కు వయసులో ఉన్నప్పుడు క్షయ వచ్చి, ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయింది. కెమెరాకు చోటే లేదు. అందుకని ఆయనకు తెరిచే చేశారు. వీపు నుంచి రొమ్ము దాకా, పెద్ద కుట్లతో, రైలు పట్టాలా ఉండేది ఆ కోత.

ఆ కోతను చూడటానికి జనం వచ్చారు. మార్కెట్ మొత్తం వచ్చింది. కమీషన్ వ్యాపారులు, హమాలీలు, బంధువులు, గుడి పూజారి. వచ్చినవాళ్ళు ముందు పండ్ల సంచి స్టూలు మీద పెట్టేవాళ్ళు, తర్వాత సేఠ్ ముఖం చూసేవాళ్ళు, తర్వాత సేఠ్ కొడుకు దుప్పటి కొంచెం తొలగిస్తే కోత చూసేవాళ్ళు. "అయ్యో, అయ్యో" అనేవాళ్ళు. ఒక ముసలామె కళ్ళు తిరిగి అక్కడే కూర్చుండిపోయింది. ఇదంతా అయ్యాక వాళ్ళ చూపులు మర్యాద కోసం పక్క మంచం మీదికి వచ్చేవి.

"ఈయనకేమైంది?"

"నాకైందే ఈయనకు గూడ" అనేవారు సేఠ్, దిండును ఛాతీకి అదుముకుని, దగ్గు రాకుండా జాగ్రత్తగా.

వాళ్ళు ఉస్తాద్ పక్కను చూసేవాళ్ళు. పక్కటెముకల మీద నాలుగైదు పట్టీలు. పొట్ట మీద ఇంకొన్ని. సేఠ్ ఆయన్ని ఊరడించడానికి అలా అంటున్నారని అనుకుని తల ఊపేవాళ్ళు.

మా గల్లీ నుంచి కూడా ఒకసారి వచ్చారు, పాల దుకాణమాయనా, ఇంకో ఇద్దరూ. బయల్దేరినప్పుడు పాపం ముఖాలు వేలాడేసుకునే వచ్చి ఉంటారు. చూశాక తేలికపడ్డారు.

"అరే ఉస్తాద్, గిది దూర్బీన్‌ది! మా బామ్మర్దికి గూడ పథరీ రాళ్ళకు గిట్లనే చేసిండ్రు. మూడో రోజు బిర్యానీ తిన్నడు."

ఉస్తాద్ గొంతు అప్పటికి గుసగుసగా మారిపోయింది. మెడ దగ్గర నరం అలిసిందనీ, మెల్లగా వస్తుందనీ డాక్టరు చెప్పారు. ఆ గుసగుసతోనే ఆయన "షుక్రియా" అన్నారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. రావాల్సిన అవసరం వాళ్ళకు కనపడలేదు.

సేఠ్ మాత్రం ఆయన్ని వదలలేదు. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి ఇద్దరికీ మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చారు. పీలిస్తే బంతులు పైకి లేవాలి. ఉస్తాద్ రెండు లేపిన రోజున సేఠ్ ఒకదాన్ని సగం లేపి, దగ్గు వచ్చి, దిండును కౌగిలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"నీది సూది పని మియా, నాది గొడ్డలి పని" అన్నారు ఊపిరి తిరిగాక. "గందుకే నీకు బంతులు లేస్తున్నయి."

"మరి నీకు..." గుసగుస. ఆగడం. "యాపిల్ పండ్లు వస్తున్నయి గద సేఠ్ సాబ్."

సేఠ్ నవ్వబోయి, మళ్ళీ దిండు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి వచ్చిన పండ్లన్నీ రెండు మంచాల మధ్య స్టూలు మీదే పెట్టించారు. ఇద్దరిలో ఎవరూ తినగలిగే స్థితిలో లేరు. ఆయాలు తిన్నారు.

ఉస్తాద్ ముందుగా ఇంటికి వచ్చారు. నడిచి వచ్చారు, గల్లీ మొదట్లో ఆటో దిగి. మెడకు రుమాలు చుట్టుకున్నారు. ఆ నడకే ఆయనకు నష్టం చేసింది. నడిచి వచ్చిన మనిషిని గల్లీ ఆరోగ్యవంతుల్లో కలిపేసింది. మిఠాయి దుకాణాలవాళ్ళు వచ్చే వారానికే వరక్ కావాలన్నారు. "దూర్బీన్‌దే గద" అన్నారు. ఇవ్వలేనంటే, ఉస్తాద్‌కు మనసు లేదేమో అనుకుని వేరే వాళ్ళకు చెప్పుకున్నారు.

తిండి సంగతి ఇంకా వింతగా తయారైంది. జీర్ణకోశం గొట్టంగా మారిపోయింది కాబట్టి ఒకేసారి ఎక్కువ పట్టదు. రోజంతా, కొంచెం కొంచెం, చాలాసార్లు తినాలి. తిన్నాక నిటారుగా కూర్చోవాలి. పడుకున్నా దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చున్నట్టే పడుకోవాలి. ఆయన గడప దగ్గర కూర్చుని, చిన్న గిన్నెలో మెత్తటి ఖిచిడీ పెట్టుకుని, చెంచాతో తినేవారు. తింటున్నప్పుడు ఎవరు ఎదురుగా వచ్చినా "రాండ్రి, తిందాం" అనడం ఆయన పెంపకంలోనే ఉంది. పొద్దున పాలకు పోయేవాళ్ళతో అనేవారు. బడి నుంచి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళతో అనేవారు. సాయంత్రం నమాజుకు పోయేవాళ్ళతో అనేవారు.

"ఈయన ఎప్పుడు చూసినా తింటనే ఉంటడు" అన్నాడు పాల దుకాణమాయన నాతో. "క్యాన్సర్ ఉన్నోడు గిట్ల తింటడా? నువ్వే చెప్పు అక్కా."

"నువ్వు ఆ గిన్నె చూసినవా అన్నా? నీ మేకపిల్ల గూడ అంతకంటె ఎక్కువ తింటది."

ఆయన నవ్వాడు గానీ నమ్మలేదు. పండక్కి నాలుగిళ్ళ నుంచి ఆ గదికి బిర్యానీ పళ్ళాలు వచ్చాయి. ఉస్తాద్ రెండు చేతులతో అందుకుని, మూత పెట్టి, గోడ పక్కన పెట్టారు. మర్నాడు ఆ పళ్ళాలు అలాగే నిండుగా తిరిగి వెళ్ళాయి. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ముఖం ముడుచుకున్నారు. ఆ తర్వాత "రాండ్రి, తిందాం" అంటే గబగబా నడిచి పోయేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆయన చెంచా గాలిలో కొంచెంసేపు ఆగేది. మనిషి మలుపు తిరిగాక నోట్లోకి పోయేది.

బరువు ఎత్తవచ్చని డాక్టరు చెప్పిన రోజు కోసం ఆయన ఎదురు చూశారు. ఆ రోజు వచ్చింది. నేను మా ఇంట్లో బియ్యం చేటలో పోసుకుని కూర్చున్నాను. సుత్తె చప్పుడు మొదలైంది. మెల్లగా, కానీ వంకర లేకుండా. చెయ్యి నిలబడింది అనుకున్నాను. కాసేపటికి ఆగిపోయింది. మళ్ళీ మొదలై, మళ్ళీ ఆగింది. నేను చేట దించి గల్లీ దాటి వెళ్ళాను.

ఉస్తాద్ రాతికి దూరంగా గోడకు ఆనుకుని కూర్చున్నారు. రుమాలుతో నోరు మూసుకుని ఉన్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"చెయ్యి నొస్తుందా భాయ్ సాబ్?"

తల అడ్డంగా ఊపారు. చెయ్యి ఎత్తి చూపించారు, బ్రహ్మాండంగా ఎత్తారు. తర్వాత రాతి మీదికి వంగినట్టు నటించి, గొంతు దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

అప్పుడు తెలిసింది. వంగితే లోపలిదంతా పైకి వచ్చేస్తోంది. అడ్డుకునే తలుపు ఆ గొట్టంతోపాటే పోయింది. పులుపు, పసరు, తిన్న ఖిచిడీ, అన్నీ గొంతులోకి. వరక్ పని అంటేనే రాతి మీదికి వంగి చేసేది. ఆయన భుజం గురించి అడిగారు. డాక్టరు భుజం గురించి చెప్పారు. నేను పక్కన కూర్చుని భుజం గురించే విన్నాను. వంగడం సంగతి మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అడిగినా ఏం మారేది కాదనుకోండి. కోసి చేసినా, కన్నాలు పెట్టి చేసినా లోపలిది ఒకటేనని డాక్టరు మొదటే చెప్పారు.

ఖాళీ కడుపుతో కొట్టి చూశారు. కొంచెం నయం. కానీ ఖాళీ కడుపుతో కాసేపటికే చెమటలు పట్టి కళ్ళు తిరిగేవి. మేనల్లుడికి కబురు పెట్టమని నాతో అన్నారు. అనేశాక, "ఇయ్యాల్నే వద్దు" అన్నారు.

నేను కబురు మోసుకుపోయింది ఉస్మాన్‌గంజ్‌కు. అక్కడి దుకాణంలో సేఠ్ ఒక వైపుకు ఒరిగి కూర్చుని ఉన్నారు. కొడుకులు గల్లా చూసుకుంటున్నారు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో చాయ్ తాగుతున్నారు. నేను చెప్పిందంతా విని, "వంగరాదా? మరి నిలబడి కొట్టరాదా?" అన్నారు.

"వరక్ నిలబడి ఎవరు కొట్టరు సేఠ్."

"నాకు గూడ కొడుకులు కూసోపెట్టి తినిపిస్తరని ఎవరనుకున్నరు?" అన్నారు.

రెండు రోజులకు ఆయనే రిక్షాలో మా గల్లీకి వచ్చారు. వెనకాల తోపుడుబండి మీద ఒక బల్ల. మిర్చి బస్తాలు తూచే కాటా కింద వేసే మందపాటి టేకు బల్ల, నడుము ఎత్తు. దాన్ని దింపడానికి నలుగురు, దాని మీదికి రాయి ఎక్కించడానికి ఇంకో నలుగురు కావాల్సి వచ్చింది. గల్లీ అంతా గుమిగూడింది.

"నిలబడి వరక్ కొట్టుడు మా తాత గూడ చూడలే" అన్నాడు పాల దుకాణమాయన. "ఉస్తాద్, వరక్ చేస్తున్నవా, ఇస్త్రీ చేస్తున్నవా?"

అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వారు. సేఠ్ అరుగు మీద కూర్చుని, "మియా, నీకు వంగరాదు, నాకు ఎత్తరాదు. మనిద్దర్ని కలిపి కుడితే ఒక మంచి హమాలీ అయితడు" అన్నారు. ఉస్తాద్ సుత్తె ఎత్తారు. నిటారుగా నిలబడి, గడ్డం పైకి పెట్టి, భుజం నుంచి మొత్తం చేతిని ఊపి కొట్టారు. చప్పుడు మారిపోయింది. టేకు బల్ల దాన్ని లోపలికి మింగి, లావుగా వెనక్కి ఇచ్చింది. మళ్ళీ కొట్టారు. జనం కాసేపు చూసి, ఎవరి పనికి వాళ్ళు పోయారు. సేఠ్ మాత్రం ఆయన ఎక్కడా ఆగకుండా ఆ పూట కొట్టడం అయ్యేదాకా కూర్చున్నారు.

ఆ తర్వాత కొన్నేళ్ళు అలాగే నిలబడి కొట్టారు. మునుపు చేసిన దాంట్లో సగం కూడా కాదు. కాస్త కొట్టి, కాస్త తిని, కాస్త నిటారుగా కూర్చుని, మళ్ళీ లేచి. నాకు కూతురు కాన్పులూ పిల్లలూ మీద పడటంతో కాగితాలు పెట్టే పనికి రోజూ పోవడం కుదిరేది కాదు. పోయిన రోజు ఆయన ఏదో ఒకటి అనేవారు, కానీ ఆ గుసగుస పూర్తిగా పోలేదు, సగం మాటలు నాకు వినపడేవి కావు. నేను వినపడనట్టు ముఖం పెడితే మళ్ళీ చెప్పేవారు కాదు. నెలకోసారి సేఠ్ వచ్చేవారు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చిన్న చిన్న గిన్నెల్లో, చెంచాలతో, చాలా మెల్లగా ఖిచిడీ తినేవాళ్ళు. ఒకరు మింగేదాకా ఒకరు ఆగేవాళ్ళు.

జబ్బు తిరిగి రాలేదు. ఒక చలికాలం దగ్గు పట్టింది. నిద్రలో ఆయన దిండ్ల మీద నుంచి కిందికి జారితే, కడుపులోంచి పైకి వచ్చినది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందని డాక్టరు తర్వాత అన్నారు. లేపి సరిగ్గా కూర్చోబెట్టే మనిషి ఆ గదిలో లేరు. ఆసుపత్రిలో కొద్ది రోజులే ఉన్నారు.

బీదర్ నుంచి మేనల్లుడు వచ్చాడు, నిజంగానే మంచివాడు, తల పైకెత్తకుండా ఏడ్చాడు. లోపల ఉస్తాద్‌కు చివరి స్నానం చేయిస్తున్నారు. ఆడవాళ్ళం ఎదురింటి గుమ్మంలో నిలబడ్డాం. మగవాళ్ళు గల్లీలో ప్లాస్టిక్ కుర్చీల మీద. సేఠ్ పాల దుకాణం ముందు కూర్చున్నారు. స్నానం చేయించినవాళ్ళలో ఒక పెద్దాయన, ఈ గల్లీకి కొత్త, తడి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి మెల్లగా అడిగాడు.

"క్యాన్సర్ అన్నరు. పెద్ద ఆపరేషన్ అన్నరు. ఏడ అయింది భాయ్? ఒంటి మీద ఏం లేదు. మెడకాడ గీత, పక్కకు నాలుగు చుక్కలు."

పాల దుకాణమాయన నోరు తెరిచి, సేఠ్‌ను చూసి మూసుకున్నాడు. సేఠ్ ఎడమ చెయ్యి చొక్కా గుండీల మీదికి పోయింది. పై గుండీ తీశారు. రెండోది తీశారు. రొమ్ము మీద కోత చివర, మెరుస్తున్న తెల్లటి తాడులా, కనిపించింది. మూడో గుండీ పట్టుకుని ఉండగా ఆ పెద్దాయనే మళ్ళీ అన్నాడు.

"మనిషి ఎండిపోయిండు పాపం, ఎత్తితే బరువే లేదు. కుడి భుజం ఒక్కటే... పహిల్వాన్ భుజం లెక్క ఉన్నది. కడుగుతుంటే ముగ్గురం చూసినం. గట్టిగ, గుండుగ. ఈ వయసుల గట్ల నేను ఎవరికి చూడలే."

సేఠ్ చెయ్యి ఆగింది.

"అదే ఆపరేషన్" అన్నారు. "నువ్వు చూసింది అదే."

ఆ తర్వాత ఎడమ చేత్తోనే, ఒక్కొక్కటిగా, గుండీలు పెట్టుకున్నారు.